కూరగాయల అరలో స్ఫటికాలు

జూన్ 2, సోమవారం

ముందుగా క్షమించాలి. నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ పడాల్సిన చోట పడవు. నేను బడికెళ్ళింది ఐదో తరగతి దాకానే. మా మాస్టారు పాఠాలు చెప్పిన రోజులకన్నా కునుకు తీసిన రోజులే ఎక్కువ. దీన్ని ఎవరూ చదవరని తెలుసు. అయినా క్షమించమనడం నాకు అలవాటైపోయింది. తలుపు భుజానికి తగిలితే తలుపునే క్షమించమంటానని మా ఆవిడ నవ్వుతుంది.

నోట్లోంచి రాని మాట చేతిలోంచన్నా వస్తుందేమోనని మొదలుపెట్టాను.

ఇవాళ పెద్దసారు పిలిచారు. ల్యాబు ఆయనది. నేను అందులో గాజుసామాను కడిగి ఆరబెడతాను, కోల్డ్ రూమ్ తుడుస్తాను. ఆయన పక్కన మా బావమరిది నిలబడి ఉన్నాడు. వాడు ఆఫీసు సూపరింటెండెంటు. నేను పాత ఉద్యోగంలో రిటైరయ్యాక నన్ను ఈ పనిలో పెట్టింది వాడే. ఆ మాట వాడూ మరిచిపోడు, నన్నూ మరిచిపోనివ్వడు.

"కోల్డ్ రూమ్ కొత్త సారుకి ఇస్తున్నాం. ఎడమవైపు అలమారలో ట్రేలున్నాయి చూడు, పాతవి. గురువారంలోగా పారెయ్యి," అన్నారు పెద్దసారు.

అవి పిచ్చుకవి, ల్యాబులో పరిశోధన చేసే పిల్లవి. ఆ పిల్ల ఊళ్ళో లేదు. వాళ్ళమ్మకి ఆపరేషన్.

"అవి ఆ అమ్మాయివండి" అనాలనుకున్నాను. "అలాగేనండి" అన్నాను.

జూన్ 3, మంగళవారం

చెత్తబండి రాలేదు. అందుకే పారెయ్యలేదు. వేరే కారణం ఏమీ లేదు.

జూన్ 4, బుధవారం

చెత్తబండి వచ్చింది. నేను చూడలేదు.

ఆ ట్రేల సంగతి రాసుకోవాలి. నాకు తెలిసింది నాలుగు ముక్కలే. అదీ పిచ్చుక చెప్పిందే. ఆ పేరు పెట్టింది నేనే. చిన్నగా ఉంటుంది, ఒక్కచోట నిలవదు, మాట్లాడితే కిచకిచమంటుంది. నన్ను బాబాయ్ అంటుంది. నేను బీకర్లు తుడుస్తుంటే పక్కన బల్లెక్కి కూర్చుని తన పని గురించి చెబుతుంది. నేను మాట్లాడను కాబట్టి నాకు చెప్పడం హాయి అంటుంది.

"బాబాయ్, మన ఒంట్లో ప్రతి కణంలోనూ డి.ఎన్.ఎ. ఉంటుందా, అది దారం అనుకో. సాగదీస్తే నా కంటే పొడుగు. అంత దారం కంటికి కనబడనంత కణంలో ఎలా పడుతుంది?"

"చుట్టి పెడతారు," అన్నాను.

"కదా! ఆ దారం చుట్టే ఉండలు హిస్టోన్‌లు. అవి ప్రోటీన్లు. వాటితో వచ్చిన తంటా ఏంటంటే, వట్టి జిగురు రకం. ఒంటరిగా వదిలితే దేనికి పడితే దానికి అంటుకుంటాయి. అందుకని వాటిని ఒంటరిగా పంపరు. పక్కనో ప్రోటీన్ ఉంటుంది. షాపరోన్ అంటారు. పట్టుకుని తీసుకెళ్ళి, దారం దగ్గర అప్పజెప్పి, తిరిగొస్తుంది."

"తోడుమనిషి," అన్నాను.

"అబ్బ, మా సారు పేపర్‌లో ఇంత చక్కగా లేదు బాబాయ్."

ఆ తోడుమనిషి హిస్టోన్‌ని ఎక్కడ, ఎలా పట్టుకుంటుందన్నదే ఆ పిల్ల పని. హిస్టోన్‌లు జంటగా నడుస్తాయట. రెండు జంటలు వీపూ వీపూ ఆనించుకుంటే ఉండకి నడిమి భాగం తయారవుతుంది. తోడుమనిషి ఒక జంటకి వీపు దగ్గరే అడ్డంగా నిలబడుతుందట, రెండో జంట వచ్చి ఆనకుండా. అక్కడిదాకా పెద్దసారు కూడా ఒప్పుకుంటారు. తగాదా అంతా తోకతో. జంటలో ఒక హిస్టోన్‌కి చివర చిన్న తోక ఉంది. ఉండలో ఉన్నప్పుడు అది లోపలికి ముడుచుకుని ఉంటుంది. పెద్దసారు వయసులో ఉండగా తయారుచేసిన నమూనాలో, తోడుమనిషి పట్టుకున్నప్పుడు కూడా ఆ తోక అలాగే ముడుచుకుని ఉంటుంది. పిచ్చుకకి దొరికిన మసక బొమ్మలో మాత్రం అది పూర్తిగా అటు తిరిగి, తోడుమనిషి అంచుని పట్టుకున్నట్టు కనబడిందట.

"అది మసక. మసకలో నీకేం కావాలంటే అది కనిపిస్తుంది. తోక పాత చోటే పెట్టు," అన్నారు పెద్దసారు అందరి ముందూ.

"లేనిచోట ఎలా పెట్టనండి?" అంది పిచ్చుక.

అప్పుడు నేను ట్రాలీ తోస్తున్నాను. నా చేతిలో గాజు గలగలమంది.

మసక పోవాలంటే మంచి స్ఫటికం కావాలి. ఆ ప్రోటీన్ల జతలు కోట్లకొద్దీ ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా వరసగా నిలబడితే అదే స్ఫటికం. దానిమీద ఎక్స్‌రే వేస్తే లోపలి బొమ్మ తెలుస్తుంది. వరస లేకపోతే ఏమీ తెలీదు. ట్రేల గుంటల్లో, మూత గాజుల కింద చిన్న చిన్న చుక్కలుగా వేలాడుతున్నది ఆ ప్రోటీనే. ఎప్పటికి గట్టిపడుతుందో, అసలు గట్టిపడుతుందో లేదో ఎవరికీ తెలీదు. చూస్తూ ఉండటమే.

వెళ్ళేముందు పిచ్చుక అంది, "బాబాయ్, వీటిని కాస్త చూస్తూ ఉండు. కదపకు."

నేను "ఊఁ" అన్నాను. ఆ పిల్లకి "ఊఁ" అన్నాను, పెద్దసారుకి "అలాగే" అన్నాను. రెండూ నా నోరే.

జూన్ 5, గురువారం

పారేశాను. అంటే కోల్డ్ రూమ్‌లోంచి తీసేశాను. సారు పారెయ్యమన్నది అక్కడినుంచే కదా. పారేసిన వస్తువు దొరికినవాడిది. నాకు దొరికాయి.

తడి తువ్వాలు చుట్టి, మా ఆవిడ కూరగాయల బుట్టలో సర్ది, బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. నిండు గిన్నె పట్టుకున్నవాడిలా కూర్చున్నాను. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బుట్టని గాల్లోకి ఎత్తి పట్టుకున్నాను.

కండక్టర్ అడిగాడు, "ఏంటి తాతా, గుడ్లా?"

"ఊఁ."

"పొదిగినవా, పొదగాల్సినవా?"

బస్సంతా నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. బుట్ట మాత్రం దించలేదు.

మా ఆవిడ తలుపు తీసి బుట్టలోకి చూసింది. "కూరగాయలేవి?"

చెప్పాను. నా లెక్కలో చాలా మాటలే చెప్పాను. ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసింది. కింద అరలో టమాటాలు తీసి బయట పెట్టింది.

"ఆ సారు చెప్పింది కాదన్నారా? మీరేనా?"

"కాదనలేదు."

"మరి?"

"పారేశాను. ఇక్కడ."

ఆవిడ నవ్వు ఆపుకోలేక సింకు పట్టుకుంది. నేను మాత్రం గట్టిగా చెప్పాను, "వీటిని ముట్టుకోవద్దు. తలుపు దబాలున వెయ్యొద్దు."

జూన్ 6, శుక్రవారం

మా ఆవిడ ఫ్రిజ్ తలుపుని పసిపిల్ల పడుకున్న గది తలుపులా వేస్తోంది. నేనే ఒకసారి దబ్బున వేశాను. తిట్లు తిన్నాను.

జూన్ 10, మంగళవారం

బావమరిది క్యాంటీన్ దగ్గర ఆపాడు. "బావా, ఆ ట్రేలు పారేశావా?"

తల ఊపాను. తల ఊపడం అబద్ధం కాదు. ఈ వయసులో నా తల ఎలాగూ కొంచెం ఊగుతూనే ఉంటుంది.

"హమ్మయ్య. నీవల్ల నాకు మాట రాకూడదు. ఈ సంస్థ ఉప్పు తింటున్నాం."

నేను కడిగే సీసాల్లో సగం ఉప్పు సీసాలే. అది అనలేదు. బాగుంటుందని ఇప్పుడు తోచింది.

జూన్ 15, ఆదివారం

క్షౌరం చేయించుకుని ఇంటికొచ్చేసరికి వంటింట్లో నీళ్ళు కారుతున్నాయి. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. స్విచ్ ఆపేసి ఉంది. పైన ఐసు గడ్డకట్టిందని మా ఆవిడ పొద్దున్నే ఆపేసిందట. పాలూ పెరుగూ పక్కింట్లో పెట్టి వచ్చింది. ట్రేలు అక్కడే ఉన్నాయి, ఉక్కలో.

"వీటినెందుకు వదిలేశావు?"

"ముట్టుకోవద్దన్నారుగా. ముట్టుకోలేదు."

ఏం అంటాను? నేను చెప్పిన మాట తు.చ. తప్పకుండా విన్న మనిషి ఈ లోకంలో ఆవిడొక్కతే. విన్న ఆ ఒక్కసారీ ఇలా అయింది.

స్విచ్ వేశాను. మూత గాజుకి కళ్ళజోడు ఆనించి చూశాను. చుక్కలు చుక్కల్లానే ఉన్నాయి. వాటిలో ఏముందో నా కళ్ళకేం తెలుస్తుంది.

జూన్ 16, సోమవారం

ఏమీ కాలేదు.

జూన్ 17, మంగళవారం

ఏమీ కాలేదనే అనుకుంటున్నాను. పిచ్చుకకి ఫోన్ చెయ్యలేదు. ఏమీ కానప్పుడు ఎందుకు చెయ్యడం? ఆసుపత్రిలో ఉన్న పిల్లని కంగారు పెట్టకూడదు. అందుకే చెయ్యలేదు.

మా ఆవిడ రెండు రోజులుగా నాతో మెత్తగా మాట్లాడుతోంది. అది ఇంకా భయంగా ఉంది.

జూన్ 20, శుక్రవారం

పిచ్చుక వచ్చింది. తిన్నగా కోల్డ్ రూమ్‌కెళ్ళింది. నేను సింకు దగ్గర ఉన్నాను. తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. మూసుకున్న చప్పుడు చాలాసేపటిదాకా వినబడలేదు.

బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. ఏడవలేదు. అది నాకు ఏడుపు కంటే కష్టమైంది.

"బాబాయ్, పారేశావా?"

"మా ఇంట్లో ఉన్నాయి."

కళ్ళు పెద్దవి చేసింది. నా చెయ్యి పట్టుకుంది, సబ్బు నురగతో సహా. అప్పుడు మిగతాది కూడా చెప్పాలి. చెప్పాను. ఫ్రిజ్ ఆపేసిన సంగతి.

చెయ్యి వదిలేసింది.

"ఎంతసేపు?"

"పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా."

"బాబాయ్..." అని ఆగిపోయింది. పెద్దసారు అరిచినా తిరిగి మాట్లాడే పిల్లకి నా ముందు మాట రాలేదు.

జూన్ 21, శనివారం

చిన్న మైక్రోస్కోప్ సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. మా ఆవిడ వంటింటి బల్ల రెండుసార్లు తుడిచింది. పిచ్చుక కుర్చీలో మోకాళ్ళమీద కూర్చుని ఒక్కో గుంటా చూస్తోంది. "మురికి... మురికి... ఏం లేదు... మురికి." ప్రతి మాటకీ మా ఆవిడ కొంగు మెలేస్తోంది. నేను కిటికీ బయట తీగమీద ఆరేసిన బట్టలు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఒక గుంట దగ్గర ఆగింది.

"పిన్నీ, ఫ్రిజ్ ఎవరు ఆపింది? మీరేనా?"

"తిట్టకమ్మా. నాకేం తెలుసు, ఈయన ముట్టుకోవద్దంటే..."

"తిట్టట్లేదు. మళ్ళీ ఆపమంటే ఆపుతారా అని అడుగుతున్నా."

చూడమంది. నేను చూశాను. మసక చుక్క మధ్యలో నాలుగైదు పలకలు. పదునైన అంచులు. కొత్తగా కోసిన కిటికీ అద్దాల్లా ఉన్నాయి. మా ఆవిడ చూసి, "ఇంతోటి దానికా ఇంత గొడవ?" అంది. ఇంకోసారి చూస్తానంది. మూడోసారీ చూసింది.

పిచ్చుక చెప్పింది: వేడెక్కినప్పుడు చుక్కలోని చిన్నా చితకా మురికి కరిగిపోయి ఉంటుంది. మళ్ళీ మెల్లగా చల్లబడినప్పుడు మిగిలినవాటి మీదే పేరుకుని పెద్దవయ్యాయి. "అయి ఉంటుంది" అంది. "కచ్చితంగా తెలీదు పిన్నీ. అదృష్టం కూడా కావచ్చు."

"అదృష్టం కాదు, ఐసు," అంది మా ఆవిడ.

జూన్ 23, సోమవారం

పిచ్చుక ల్యాబుకి తెచ్చిన ట్రేని పెద్దసారు మైక్రోస్కోప్‌లో చూసి లేచారు. "ఉప్పు."

నిజంగానే అలా జరుగుతుందట. ప్రోటీన్ స్ఫటికం అనుకుని ఎగిరి గంతేస్తే, చివరికి చుక్కలో కలిపిన ఉప్పే గడ్డకట్టి ఉంటుంది. అలా బోర్లాపడనివాళ్ళు ఈ పనిలో లేరట. తేల్చుకోవాలంటే ఒకదాన్ని సూదితో నొక్కాలి. ఉప్పయితే టిక్కుమని పగులుతుంది. ప్రోటీన్ అయితే మెత్తగా చితికిపోతుంది. నొక్కితే మాత్రం అది పోయినట్టే.

"ఉన్నవే కొన్ని," అంది పిచ్చుక.

"భయమా?"

పిచ్చుక సూది తీసుకుంది. కళ్ళజోడు అని ఒక కుర్రాడున్నాడు, పెద్దసారుకి కుడిభుజం, ఎప్పుడూ ఏమీ మాట్లాడడు. వాడు కూడా ముందుకొచ్చి వంగాడు. మైక్రోస్కోప్‌కి తగిలించిన తెరమీద పెద్దగా కనబడుతోంది. అన్నిటికంటే చిన్నదాన్ని ఎంచి నొక్కింది. నా వేళ్ళు నా చొక్కా గుండీని నొక్కుతున్నాయి.

చప్పుడు లేదు. వెన్నలా నలిగింది.

కళ్ళజోడు ఊపిరి వదిలాడు. పెద్దసారు కాసేపు తెరకేసి చూశారు. ఆయన మొహంలో ఒక్క క్షణం కోపం కాదు, ఇంకేదో కనబడింది. ఆ నమూనా ఆయన పాతికేళ్ళ వయసులో కట్టుకున్న ఇల్లు. ఎవరో వచ్చి పునాది తవ్వుతామంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఆ మాత్రం నాకూ తెలుసు. తర్వాత అడిగారు:

"కోల్డ్ రూమ్ ఖాళీ చేయించానే. ఇవి ఎక్కడ పెరిగాయి?"

పిచ్చుక నోరు తెరిచింది. నేను ముందు మాట్లాడాను. నేనే.

"మా ఇంటి ఫ్రిజ్‌లోనండి. కూరగాయల అరలో."

ఎవరో నవ్వారు. పెద్దసారు నవ్వలేదు. "నిన్ను పారెయ్యమన్నాను."

"పారెయ్యబుద్ధి కాలేదండి."

అంతే అన్నాను. సింకు దగ్గరికొచ్చి చూసుకుంటే గుండీ ఊడి చేతిలో ఉంది.

జూన్ 30, సోమవారం

ఎక్స్‌రే వేసే పెద్ద యంత్రం వేరే ఊళ్ళో ఉంది. దానిమీద సమయం ముందుగా రాయించుకోవాలి. పెద్దసారు పిచ్చుకకి రాయించలేదు. ఇవాళ కళ్ళజోడు సింకు దగ్గరికొచ్చి, బీకరు కడుక్కుంటున్నట్టు నటిస్తూ అన్నాడు:

"నా సమయంలో కొంత మిగులుతుంది. ఆమెని రమ్మను. నేను చెప్పానని ఎవరికీ చెప్పకు తాతా."

నాకు చెబితే ఎవరికీ చెప్పనని లోకమంతా ఎరుగును.

పిచ్చుక వెళ్ళింది.

జూలై 3, గురువారం

ఫోన్ లేదు. యంత్రం దగ్గర ఫోన్లు పనిచెయ్యవేమో.

మా ఆవిడ ఫ్రిజ్ కింద అర ఖాళీగానే ఉంచింది. టమాటాలు బయటే కుళ్ళుతున్నాయి.

జూలై 7, సోమవారం

వచ్చింది. సింకు పక్క బల్లమీద ల్యాప్‌టాప్ తెరిచింది. రాత్రంతా నిద్ర లేదంది.

తెరమీద నీలం వల. చేపల వలలా కాదు, దోమతెరని నలిపి పడేసినట్టు. వలలోపల సన్నటి పుల్లలు. పుల్లలు తను పెట్టిన ప్రోటీన్ నమూనా, వల మాత్రం ఎక్స్‌రే చెప్పింది. "పుల్ల ఎక్కడ పెట్టాలన్నది నా ఇష్టం బాబాయ్. వల ఎక్కడ ఉంటుందన్నది ఎవడి ఇష్టమూ కాదు."

తిప్పి చూపించింది. ఇదిగో తోడుమనిషి. ఇదిగో జంట, వీపు దగ్గర పట్టు. తర్వాత తోక. పెద్దసారు నమూనా ప్రకారం ఉండాల్సిన చోట వల లేదు, బోసిగా ఉంది. వల ఇటుపక్కకి పూర్తిగా తిరిగి, తోడుమనిషి అంచు వెంబడి చాపకి ఇంకో ఈనె చేర్చినట్టు అమిరిపోయి ఉంది. మసక కాదు. నాకే కనబడింది.

"అయితే ఏంటి?" అనడిగాను.

"అయితే, తోడుమనిషి ఊరికే పక్కన నడవట్లేదు. తోకతో కూడా పట్టుంది. వీపు అంటుకున్న రెండు జంటల్ని విడదీసే బలం అక్కణ్ణించే వస్తోందేమో. 'ఏమో' అనే రాస్తాను. తోక ఎక్కడుందో మాత్రం 'ఏమో' లేదు."

ఇద్దరం చాలాసేపు ఆ వల చూస్తూ కూర్చున్నాం. బీకర్లు కడగడం మానేశాను. ఈ ఉద్యోగంలో మొదటిసారి.

జూలై 14, సోమవారం

సంజాయిషీ నోటీసు వచ్చింది. నాకు. సంస్థ సొత్తు బయటికి తీసుకెళ్ళినందుకు.

బావమరిది ఇంటికొచ్చాడు. జవాబు తనే టైపు చేయించి తెచ్చాడు, పాపం. నేను సంతకం పెట్టడమే తరువాయి. "చదవక్కర్లేదు బావా, మామూలు క్షమాపణే" అన్నాడు. నేను నెమ్మదిగా చదువుతాను, కూడబలుక్కుంటూ. వాడు కాఫీ చల్లారేదాకా కూర్చున్నాడు.

అందులో ఉంది: "చదువు లేనందువల్ల పొరపాటున తీసుకెళ్ళాను. ట్రేలన్నీ కలిసిపోయాయి. ఏది ఎవరిదో, దేంట్లో ఏముందో చెప్పలేను."

"కలిసిపోలేదు. పిచ్చుక అంటించిన చీటీలు అలాగే ఉన్నాయి," అన్నాను.

"అబ్బా, ఒక్క వాక్యం. దాంతో నీ తప్పు తేలికవుతుంది. నీ ఉద్యోగం ఉంటుంది."

"ఆ పిల్లది?"

వాడు చల్లారిన కాఫీ అందుకున్నాడు. చెప్పక్కర్లేదు. ట్రేలు కలిసిపోయాయని నేను సంతకం పెడితే ఆ స్ఫటికాలు ఎవరివో, దేనివో తెలియనివి. తెలియని స్ఫటికంలోంచి వచ్చిన బొమ్మని ఎవరూ లెక్కచెయ్యరు. తోక పాత చోటుకి వెళ్ళిపోతుంది. ల్యాబులో పిచ్చుక పనిచేసే గడువు ఈ నెలాఖరుకి అయిపోతుంది. పొడిగించాల్సింది పెద్దసారే.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ఏరా, మీ బావకి చదువు లేదని కాగితం మీద రాయించావా?"

"అక్కా, అది మాట వరసకి..."

"మాట వరసకి నువ్వు పదో తరగతి మూడుసార్లు రాశావని కూడా రాయించరా. కింద ఈయన సంతకం పెడతారు."

వాడి మొహం ఎర్రబడింది. "నీకు తెలీదక్కా. రేపు ఉద్యోగం పోతే ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు?"

"నాతో మాట్లాడతారు. ఈ మధ్యనే నేర్చుకుంటున్నారు."

జూలై 15, మంగళవారం

సంతకం పెడదామనుకున్నాను. పెట్టలేదు. పెన్ను సరిగ్గా రాయట్లేదు.

జూలై 16, బుధవారం

పెన్ను బాగానే రాస్తోంది. ఇదిగో, ఇది రాస్తున్నది దాంతోనే.

భయం వేస్తోంది. అది రాసుకుంటే తప్పేం లేదు. పనికి వెళ్ళకపోతే పొద్దున్న ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలీదు. వేడినీళ్ళలోంచి గాజు తీసి వెలుతురుకి పట్టి చూసినప్పుడు మరక లేకపోతే ఒక తృప్తి ఉంటుంది. అది ఇంకెక్కడా దొరకదు.

పిచ్చుక సాయంత్రం వచ్చింది. బావమరిది తెచ్చిన కాగితం చూపించాను. చదివి మడిచి నా చేతికే ఇచ్చింది.

"పెట్టెయ్యి బాబాయ్. నేను ఇంకెక్కడైనా మళ్ళీ పెంచుకుంటాను."

"పెరుగుతాయా?"

"పెరుగుతాయి." కిటికీకేసి చూసింది. ఆ పిల్లకి అబద్ధం ఆడటం రాదు. నాకూ అంతే, తల ఊపడం తప్ప.

జూలై 17, గురువారం

బావమరిది తెచ్చిన కాగితం చింపాను. ముక్కలు చెత్తబుట్టలో వేశాను. ఇది మాత్రం నిజంగా పారేశాను.

సంజాయిషీ నేనే రాశాను. మా ఆవిడ ఒత్తులు దిద్దుతానంది. వద్దన్నాను. రేపు ఇవ్వాలి. ఇచ్చాక నా దగ్గర ఉండదు కాబట్టి ఇక్కడ దించుకుంటున్నాను:

"పెద్దసారు గారికి,

ట్రేలు నేనే తీసుకెళ్ళాను. పొరపాటున కాదు, తెలిసే తీసుకెళ్ళాను. చదువు లేనందువల్ల కూడా కాదు. మీరు పారెయ్యమన్నారు, ఆ అమ్మాయి చూస్తూ ఉండమంది. రెండూ చెయ్యలేక ఒకటి చేశాను.

ట్రేలు కలవలేదు. ఆ అమ్మాయి అంటించిన చీటీలు, టేపు అలాగే ఉన్నాయి. ఆ అమ్మాయి వచ్చి చూసేదాకా ఒక్క మూత కూడా ఎవరూ తియ్యలేదు. మా ఇంట్లో మా ఆవిడ, నేను తప్ప ఎవరూ లేరు. ఫ్రిజ్ ఒక ఆదివారం పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా ఆపేసి ఉంది. ఆపింది మా ఆవిడ. ఐసు కరగడానికి. ఇది కూడా రాయమంది. ఎవరైనా వచ్చి అడిగితే ఎలా ఆపిందో చెబుతుందట, కావాలంటే మళ్ళీ ఆపుతుందట.

కాబట్టి ఆ స్ఫటికాలు ఆ అమ్మాయివే. వాటిలో ఉన్నది తోడుమనిషి, హిస్టోన్ జంట. నాకు అంతకంటే తెలీదు. తెలియనిది తెలియదని రాయగలను. తెలిసింది తెలియదని మాత్రం రాయలేను.

సంస్థ సొత్తు ఇంటికి తీసుకెళ్ళడం తప్పే. దానికి ఏ శిక్ష అయినా వెయ్యండి, పడతాను. క్షమాపణ మాత్రం అడగను. ఇన్నేళ్ళూ అందరినీ అడిగాను, తలుపులతో సహా. ఈ ఒక్కదానికి అడగను. నన్ను తీసేస్తే రేపట్నుంచి రాను. నేను రాకపోయినా ఆ తోక ఇప్పుడున్న చోటే ఉంటుంది. మీరు కూడా ఒకసారి నింపాదిగా ఆ వల చూడండి. నాకే కనబడింది, మీకు కనబడకుండా ఉండదు.

ఆ అమ్మాయి గడువు నెలాఖరుతో అయిపోతోంది. పొడిగిస్తారో లేదో, నన్ను ఉంచుతారో లేదో, రెండూ కలిపి ఒక్క కాగితం మీద రాసి దయచేసి త్వరగా జవాబు ఇవ్వండి. సింకు దగ్గరే ఉంటాను."